పల్నాటి మాంచాల, పక్కింటి కోడలు

శని, ఆదివారాల్లో మా అజీజ్‌నగర్ చౌరస్తాలో నిలబడితే సగం హైదరాబాదు కనిపిస్తుంది. అందరూ చిలుకూరు వెళ్ళేవాళ్ళే. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసాల దేవుడని పేరు పడ్డాడుగాని, వచ్చేవాళ్ళలో సగంమంది వీసా కోసం రారని నా అనుమానం. కాపురం నిలబడాలని మొక్కుకునేవాళ్ళు చేతిలో కాగితాలు పట్టుకురారు కదా, అందుకని మనకి తెలియదు.

ఆ రద్దీ గొడవ మాకు పట్టకుండా, మధ్యాహ్నం రెండున్నరకి మేం అయిదారుగురు ఆడవాళ్ళం మా వరండాలో చేరతాం. పుస్తకాలు చదువుకుంటున్నామని ఇళ్ళల్లో చెప్తాం. చదువుతాం కూడా. కాకపోతే ఒక పేజీ చదివితే రెండు పేజీల కబుర్లు. కిందటేడు ఎండలు ముదిరే రోజుల్లో ఓ ఆదివారం పక్కింటి కోడలు “పల్నాటి వీరచరిత్ర” తెచ్చింది. ఆ అమ్మాయిది పిడుగురాళ్ళ. పెళ్ళయి నాలుగేళ్ళు. అత్తవారిది ఇక్కడే, మూడు తరాలుగా మొయినాబాదు చుట్టుపక్కల వ్యవసాయం. “మా ఊళ్ళవైపు కథ పిన్నిగారూ, మీరెవరూ చదవలేదంటే నాకు చిన్నతనంగా ఉంది” అంది.

నిజమే, చదవలేదు. సినిమా చూశాం. నా చిన్నప్పుడు చూసింది 1966లో వచ్చినది. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ, జమున మాంచాల. మా అమ్మ మాత్రం అంతకుముందు 1947లో వచ్చిన పాతదాన్నే సినిమా అనేది. అందులో కన్నాంబ నాగమ్మ. కన్నాంబ కన్నెర్రజేస్తే హాల్లో పిల్లలు ఏడుపు మానేవారట. చూశారా, మాకు గుర్తున్నవన్నీ నాగమ్మలే. మాంచాల అనగానే అందరికీ ఒకటే బొమ్మ: పళ్ళెంలో హారతి, నుదుట వీరతిలకం దిద్దుతున్న చెయ్యి. ముఖం ఎవరికీ గుర్తులేదు.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. పన్నెండో శతాబ్దం చివర పల్నాడు అనుగురాజు కొడుకుల చేతికి వచ్చింది. తండ్రి ఒకడే, తల్లులు వేరు. నలగామరాజుకి గురజాల, మలిదేవరాజుకి మాచర్ల. ఒకరి పక్కన నాయకురాలు నాగమ్మ, ఇంకొకరి పక్కన బ్రహ్మనాయుడు. కోడిపందెం వేసుకున్నారు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు ఊరొదిలి పోవాలన్నారు. మాచర్లవాళ్ళు ఓడారు, పోయారు. గడువు తీరి వచ్చి మా భాగం మాకిమ్మంటే గురజాలవాళ్ళు ఇవ్వలేదు. నాగులేటి ఒడ్డున కారెంపూడి దగ్గర యుద్ధం జరిగింది. పల్నాడులో పేరున్న మగవాడన్నవాడు మిగల్లేదు. పాండవుల కథే ఇది, అనవచ్చు. అన్నవాళ్ళున్నారు కూడా. నాకు మాత్రం భారతంకంటే ఇదే దగ్గరగా తోస్తుంది. భారతంలో జూదం ఆడారు, ఇక్కడ కోళ్ళని కొట్టించారు. రాజ్యాలు పోయినా పందెం మటుకు మన పెరటి సంగతిలాగే ఉంటుంది.

శ్రీనాథుడి పేరుతో ఉన్న ఈ ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చులోకి తెచ్చారు. అంతకుముందూ ఆ తర్వాతా కూడా అది పాడేవాళ్ళ నోళ్ళలోనే బతికింది. కారెంపూడిలో వీరవిద్యావంతులు ఇప్పటికీ పాడుతున్నారు. అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడినది విని, రాసుకుని, జీన్ రోగేర్ అనే అమెరికా ఆయన 1982లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. పాట ఇంగ్లండు దాకా వెళ్ళి అచ్చయిందిగాని, కృష్ణ దాటి మా వరండాకి రావడానికి ఓ కోడలు కావలసి వచ్చింది.

ఇక మాంచాల సంగతి. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి ఆమెతో పెళ్ళయింది. అతగాడు కాపురానికి రాలేదు. సాని ఇంట్లో ఉండిపోయాడు. ఇక్కడ పెళ్ళికూతురు వయసుకొచ్చి, వయసు గడుస్తూ పుట్టింట్లో కూర్చుని ఉంది. ఎన్నాళ్ళో కావ్యం లెక్కపెట్టలేదు. ఆడవాళ్ళు ఎదురుచూసిన రోజులు లెక్కపెట్టే అలవాటు మన కావ్యాలకి తక్కువ. యుద్ధం మొదలయింది. బాలచంద్రుడు బొంగరాలాట ఆడుకుంటుంటే బొంగరం తగిలి ఒకావిడ కాలికి దెబ్బ తగిలింది. మీవాళ్ళు యుద్ధానికి పోతే నీకిక్కడ ఆటలా అని ఆవిడ దెప్పింది. అతనికి రోషం వచ్చింది. వెళ్తానన్నాడు. వెళ్ళేముందు భార్యని చూసి వెళ్ళమంది తల్లి ఐతాంబ. అప్పుడు, జీవితంలో మొదటిసారి, భార్య గుమ్మం ఎక్కాడు.

ఆ రాత్రి మాంచాల అతన్ని దగ్గరికి రానివ్వలేదు. సుఖం మరిగితే యుద్ధానికి పోడేమోనని. తెల్లవారాక వీరపత్నిగా సాగనంపింది. అతను మళ్ళీ రాలేదు.

ఇక్కడిదాకా చదివి మా పక్కింటి కోడలు పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. “ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడిగిందా పిన్నిగారూ?” అంది.

అందరం గొప్ప త్యాగం, గొప్ప పతివ్రత అనడానికి సిద్ధంగా ఉన్నాం. ఆ ప్రశ్నతో నోళ్ళు పడిపోయాయి.

నాకు అప్పటినుంచీ ఈ కావ్యం మీద ఒక ఫిర్యాదు. కవి గొప్పవాడే. ఆ రాత్రి గదిలో ఉన్న వేడీ, ఆ నిబ్బరమూ అతను ఎరుగును. కాని ఆ కాపురం చెడి ఎన్నో ఏళ్ళయింది. కారెంపూడిలో కత్తులు దూసేముందే ఆ ఇంట్లో యుద్ధం ఉంది. ఇద్దరు మనుషులు ఒకే ఇంటిపేరు పెట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఎవరి పక్షంవాళ్ళు వాళ్ళకి మంచి చెప్తూ ఉంటే దాన్ని ఇంకేమంటారు? సరిగ్గా దాని లెక్క తేలవలసిన రాత్రికి పెద్ద యుద్ధం గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. “ఎక్కడున్నావు?” అని అడిగితే చిన్న మాట అయిపోతుంది. దేశం తగలబడుతుంటే నీ కాపురం గొడవేమిటి అంటారు. బాలచంద్రుణ్ణి శత్రువుల కత్తులు చంపాయిగాని, భార్యకి జవాబు చెప్పే ఇబ్బందినుంచి యుద్ధమే కాపాడింది. పెద్ద మాట వచ్చి చిన్న మాట నోరు నొక్కడం మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే. యుద్ధం బదులు ఆడబిడ్డ పెళ్ళో, మామగారి గుండెనొప్పో, ఇంటి పరువో వస్తుంది, అంతే.

ఇంత కోపంగా ఎందుకు రాస్తున్నానంటే, దానికి కారణం ఉంది. ఆ ఆదివారం తర్వాత పది రోజులకి పక్కింట్లో పంచాయితీ పెట్టారు. అమ్మాయి తరఫున నలుగురు పిడుగురాళ్ళనుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చారు. ఇటు నలుగురు. నన్ను సాక్షిగా పిలిచారు, అంటే చాయ్ అందించడానికి. ఆడవాళ్ళు మాట్లాడే సందర్భం కాదని ముందే తెలిసిపోయింది. ఆ అమ్మాయి లోపలి గదిలో ఉంది.

గొడవ ఏమిటంటారా? చెప్పుకోవడానికి పెద్దదేం లేదు. కొట్టలేదు, తిట్టలేదు. అతను ఇంటికి వచ్చేది పన్నెండింటికి, మాట్లాడేది ఫోనుతో. ఆమె జీతం బ్యాంకులో పడిన సాయంత్రానికే ఖాళీ. అడిగితే ఇల్లు నీది కాదా అంటాడు. ఇల్లు ఆమెదే అయితే బీరువా తాళం ఎవరి దగ్గరుంది? ఇంతే. ఇది నాలుగేళ్ళపాటు రోజూ.

ఆ రోజు గదిలో నేను విన్న మాటలు చెప్తాను. “మీ దిక్కోళ్ళకు మాటలెక్కువ” అన్నాడు ఇటువైపు పెద్దమనిషి. “మీ ప్రాంతం పద్ధతులే అంత” అన్నాడు అటువైపు మేనమామ. పది నిమిషాల్లో బీరువా తాళం మాయమైపోయింది. నీళ్ళూ, ఉద్యోగాలూ, భూములూ, యాసా వచ్చి కూర్చున్నాయి. ఇద్దరి కాపురం గురించి మాట్లాడవలసినవాళ్ళు రెండు రాష్ట్రాల గురించి కొట్టుకున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే. అసలు సంగతి కంటే ఆ తగాదా వాళ్ళకి సులభంగా ఉంది. ఎప్పట్నుంచో కంఠతా వచ్చిన పాఠం కదా. అత్తగారొక్కతే మధ్యలో లేచి, “పిల్ల పొద్దుగల్లకెల్లి ఏం తినలేదు, జర మీరు సప్పుడు జెయ్యకుండ్రి” అంది. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

ఇంటికి వచ్చాక ఆలోచించాను. మనవాళ్ళు కాపురంలో రాజకీయం మాట్లాడటం వింతేమీ కాదు, ఎందుకంటే రాజకీయంలో కాపురం మాట ముందే తెచ్చిపెట్టారు. 1956 మార్చిలో నిజామాబాదు సభలో నెహ్రూగారు, తెలంగాణాని ఆంధ్రతో కలపడాన్ని అమాయకపు పిల్లని అల్లరి పిల్లవాడికిచ్చి చేసే పెళ్ళితో పోల్చారనీ, పొసగకపోతే విడిపోవచ్చన్నారనీ ఉద్యమం సాగినన్నాళ్ళూ చెప్పుకున్నారు. చిన్నప్పట్నుంచి విని విని నాకు ఆ పెళ్ళికి నేను వెళ్ళినట్టే ఉంటుంది.

సాహిత్యం చదివేదాన్ని కనుక దీన్ని ఒక ఉపమగా తీసుకుని పరీక్షించి చూశాను. ముందు పెళ్ళిచూపులు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. అటు నలుగురు, ఇటు నలుగురు, అందరూ మగవాళ్ళే. మా జిల్లాకి పేరు పెట్టింది ఆ సంతకాలు చేసినవారిలో ఒకరిదే: కొండా వెంకట రంగారెడ్డిగారు. వారిది మా మొయినాబాదు పక్కనున్న పెద్దమంగళారం. మొదట్లో ఈ సంబంధం వద్దన్నవారిలో ఆయన ఒకరు. తర్వాత షరతులు రాయించుకుని ఒప్పుకున్నారు. తెలంగాణా మిగులు ఆదాయం తెలంగాణాకే ఖర్చుపెట్టాలి, ఉద్యోగాలకి ఇక్కడ 12 ఏళ్ళ నివాసం ఉండాలి, పొలాల అమ్మకాల మీద ప్రాంతీయ మండలి అదుపు ఉండాలి, ముఖ్యమంత్రి అటువాడైతే ఉపముఖ్యమంత్రి ఇటువాడు కావాలి. చదువుతుంటే పెళ్ళిలో ఆడపిల్లవాళ్ళు అడిగేవే అనిపించలేదూ? పిల్ల నగలు పిల్లకే ఉండాలి, పిల్లని ఉద్యోగం మాన్పించకూడదు, పిల్ల మాటకి విలువ ఉండాలి. మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి పదవి ఇవ్వనే లేదు. అది చేతికి ఆరోవేలు లాంటిదన్నారని ప్రతీతి. పెళ్ళయిన మూడోరోజునే తెలిసిపోతుందంటారే, అలా.

ఇంతవరకూ ఉపమ బాగానే అతికింది. 1969లో ఇటువాళ్ళు విడిపోతామన్నారు, పిల్లలు తుపాకి గుళ్ళకి పోయారు. 1972లో అటువాళ్ళే విడిపోతామన్నారు. 1973లో ఆరు సూత్రాలు పెట్టి సర్దుకోమన్నారు. ఇద్దరూ వద్దంటున్న కాపురాన్ని పెద్దలు నిలబెట్టడం మీ చుట్టాల్లో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. 2014 జూన్ 2న విడిపోయారు. విడిపోయాక కూడా పదేళ్ళు హైదరాబాదు ఉమ్మడి రాజధాని. అది 2024 జూన్ 2తో ముగిసింది. విడాకులయ్యాక ఒకే ఇంట్లో మధ్య గోడ కట్టుకుని ఉన్నట్టు.

కాని ఒక్కచోట ఆ ఉపమ చిరిగిపోతుంది. అది మగవాళ్ళు గమనించలేదు. “పొసగకపోతే విడిపోవచ్చు” అన్నారే, 1956లో ఏ ఆడపిల్లకి ఆ మాట వర్తించేది? హిందూ వివాహ చట్టం వచ్చింది 1955 మే 18న. అంటే అప్పటికి ఏడాది కూడా కాలేదు. అందులో క్రూరత్వం విడాకులకి కారణం కాదు, విడిగా ఉండటానికి మాత్రమే కారణం. ఇద్దరూ ఇష్టపడి విడిపోతామన్నా కుదరదు. పరస్పర అంగీకారంతో విడాకులన్నది, క్రూరత్వానికి విడాకులన్నది, రెండూ 1976 సవరణతో వచ్చాయి. అంటే రాష్ట్రానికి పెళ్ళిరోజునే ఇచ్చిన వాగ్దానం, ఈ దేశపు పెళ్ళాలకి ఇరవై ఏళ్ళ తర్వాతగాని దక్కలేదు. ఆ సభలో కూర్చుని తలూపిన ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు ఏమనుకున్నారో!

ఇంకొకటి. కాపురానికి రానన్న భార్యని కోర్టు ఉత్తర్వుతో రప్పించే సెక్షన్ ఆ చట్టంలో ఉంది. తొమ్మిదో సెక్షన్. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరిగారు అది ఆడదాని శరీరాన్ని ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా అప్పజెప్పడమేననీ, రాజ్యాంగానికి విరుద్ధమనీ కొట్టేశారు. ఎంత గొప్ప తీర్పు! మరుసటి ఏడాదే, 1984లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందంది. సమైక్యత అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఆ సెక్షనే గుర్తొస్తుంది. ప్రేమగా ఉండమని ఉత్తర్వు ఇవ్వవచ్చు, అమలు చేయించడం ఎలాగ?

ఉద్యమం ఆఖరి రోజుల్లో మరో వింత చూశాను. పెళ్ళి పోలిక మెల్లిగా పక్కకి జరిగింది. రాష్ట్రాలుగా విడిపోదాం, అన్నదమ్ముల్లా కలిసుందాం అన్నారు. భార్యాభర్తలు పోయి అన్నదమ్ములొచ్చారు. ఎందుకో తెలుసా? అన్నదమ్ములు వేరుపడితే పరువు పోదు. ఎవరి వాటా వాళ్ళకి వస్తుంది, పండక్కి మళ్ళీ కలుస్తారు. మొగుణ్ణి వదిలిన ఆడదానికి వాటా ఏముంది, పండగేముంది? వేరుపడ్డాక కూడా గౌరవంగా ఉండాలంటే తెలంగాణా ముందు ఆడపిల్లతనం వదులుకోవలసి వచ్చింది. తప్పు పట్టడం లేదు, ఆ మాట పెట్టినవాళ్ళకి లోకం బాగా తెలుసు. ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా అన్న చట్టం మన రాష్ట్రంలో 1986లో వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి లెక్క. దేశంలో ముందు నడిచినవాళ్ళలో మనమూ ఉన్నాం, సంతోషమే. కాని ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయినవాళ్ళకి ఆ చట్టంలో అది లేకపోయింది. నేను ఆ రెండో రకం. పోనివ్వండి, నా గొడవ ఇక్కడెందుకు.

ఇంటి యుద్ధాన్నీ దేశం యుద్ధాన్నీ పక్కపక్కన పెట్టి రాసిన నవల ఒకటి ఈ మధ్య చదివాను. నైజీరియా రచయిత్రి చిమమాండా అడీచీ 2006లో రాసింది, “హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్”. 1967నుంచి 1970దాకా బయాఫ్రా వేరుపడదామని యుద్ధం జరిగింది కదా, ఆ కథ. ఒలానా, ఒడెనిగ్బో విశ్వవిద్యాలయంలో మేష్టర్లు. పెళ్ళి కాకుండానే కలిసి ఉంటారు. చదువుకున్న కోడలు అతని తల్లికి గిట్టదు. పల్లెటూరినుంచి ఓ అమాయకపు పిల్లని వెంటబెట్టుకొచ్చి, కొడుకు తాగి ఉన్న రాత్రి అతని గదిలోకి పంపుతుంది. ఆడపిల్ల పుడుతుంది. కన్నతల్లి వద్దంటుంది. మనవడు కాదని ఆ ముసలమ్మకీ అక్కర్లేదు. ఒలానాయే తెచ్చుకుని పెంచుతుంది. అంతకుముందే ఆ కోపంలో ఆమె ఇంకో తప్పు చేస్తుంది, కవల అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేసేంత తప్పు. అది చెప్పను, చదువుకోండి.

ఈ నవలలో నాకు నచ్చింది కథ చెప్పిన క్రమం. ముందు యుద్ధం రాకముందు రోజులు, తర్వాత యుద్ధం, మళ్ళీ వెనక్కి. ఇంట్లో ఏం విరిగిందో మనకి తెలిసేసరికి దేశం ముక్కలై ఉంటుంది. ఆ పాప ఎవరి పాపో తెలియకుండానే ఆమెని చంకనేసుకుని బాంబులకి పరిగెత్తే ఒలానాని చూస్తాం. తెలిశాక వెనక్కి తిరిగి ఆ పేజీలే మళ్ళీ చదవాలనిపిస్తుంది. నేను చదివాను. రచయిత్రి ఎక్కడా కాపురంలాగే దేశం కూడా అనదు. ఒలానా క్షమించింది కనుక దేశం కూడా క్షమించాలని పాఠం చెప్పదు. ఆకలి వచ్చినప్పుడు పాత తగాదాలు చిన్నవైపోతాయిగాని, తీరిపోవు. అన్నం కోసం వరసలో నిలబడ్డ మనిషికి కూడా ఆ రాత్రి గుర్తొస్తూనే ఉంటుంది. మన కవికి చేతకానిది ఇదే. అతను మాంచాల కోపాన్ని హారతిపళ్ళెంలో కర్పూరంలా వెలిగించేశాడు. ఒలానా కోపాన్ని అడీచీ అలా వాడుకోలేదు.

మన పల్నాటి కథని మరీ తక్కువ చేస్తున్నానని మా సుజ్ఞానులు కోప్పడతారేమో. నాగమ్మలాంటి ఆడదాన్ని, చిన్నతనంలో భర్త పోయి, మంత్రి పదవిలో కూర్చుని సేనల్ని నడిపినదాన్ని నిలబెట్టిన కథ మనకి ఇంకెక్కడుంది? (ఆవిడ పుట్టిల్లు కరీంనగరు వైపు ఆరవెల్లి అని చెప్తారు. అంటే ఆవిడా మా దిక్కునుంచి అటు వెళ్ళిన ఆడపిల్లే!) అయితే యుద్ధం తప్పంతా ఆవిడ నెత్తినే పెట్టారు. ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకుంటే తోడికోడలు పెట్టిన చిచ్చంటాం చూడండి, అలాగ.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మాంచాల కూడా కాదు. పేరిందేవి. గురజాల నలగామరాజు కూతురు. ఆమె భర్త అలరాజు అవతలి పక్షంలో ఉన్న కొమ్మరాజు కొడుకు. అంటే రెండు కొంపల మధ్య వంతెనగా వేసిన పిల్ల. యుద్ధం ఆపుదామని అలరాజుని రాయబారం పంపారు, మామగారి దగ్గరికే. అక్కడ విషం పెట్టి చంపారు. పేరిందేవి చితి ఎక్కింది. పుట్టింటివాళ్ళు మెట్టినింటి మగవాణ్ణి చంపితే ఆమె ఎవరి మనిషి? ఎవరి మీద ఏడవాలి? కాపురం చెడిపోవడం వేరు, ఈమెది బాగున్న కాపురమే. సంధి కోసం ఇచ్చిన పిల్ల కనుక సంధి చెడగానే ముందు ఖర్చయింది. పెళ్ళిని ఒప్పందంగా వాడుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మన భాషలో ఇంతకంటే ఘోరమైన కథ నాకు తెలియదు. పాడేవాళ్ళు ఈ ఘట్టాన్ని వదలకుండా పట్టుకొచ్చారు. కారెంపూడిలో కార్తీక అమావాస్యతో మొదలయ్యే అయిదు రోజుల తిరునాళ్ళలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. రెండోరోజు రాయబారం. పేరు మొగుడి పనిదేగాని, ఆ రోజు ఏడ్చేది మటుకు పేరిందేవి కోసమేనట.

పంచాయితీ సంగతి చెప్పలేదు కదూ. ఒప్పందం కుదిరింది. ఎనిమిది మంది, అయిదు షరతులు. జీతం సగం ఆమె దగ్గరే ఉంచాలి. రాత్రి తొమ్మిదికల్లా ఇంటికి రావాలి. అతను ఒప్పుకున్నాడు. నేను చాయ్ కప్పులు తీస్తూ రంగారెడ్డిగారిని తలుచుకున్నాను. మూడు నెలలు నడిచింది. నాలుగో నెలనుంచి మళ్ళీ పన్నెండు.

దసరా ముందు ఆ అమ్మాయి ఒక సాయంత్రం మా వరండాలోకి వచ్చింది. ఈసారి పంచాయితీ అక్కర్లేదనీ, తనే అడిగేసిందనీ చెప్పింది. “నాలుగేళ్ళూ ఎక్కడున్నారు అని అడిగాను పిన్నిగారూ. దేశం కోసమో, ఇంటి కోసమో, అమ్మ కోసమో చెప్పొద్దు, నాకు మీరు చెప్పండి అన్నాను.” ఏమన్నాడంటే, చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత తెలియదన్నాడట. అబద్ధం కంటే అది నయం అనిపించిందట ఆమెకి. బీరువా తాళం మాత్రం ఆ రాత్రే టేబుల్ మీద పెట్టాడట. ఆమె తీసుకోలేదు. కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి వస్తానంది. వస్తానందో, ఉంటానందో, నేను రెట్టించలేదు. మా కారులో లక్డీకాపూల్ దాకా దింపాను. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల వైపు చూస్తూ కూర్చుంది, మాట్లాడలేదు. అత్తగారు వెనకసీట్లో సకినాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, బస్సెక్కేదాకా చేతిలోంచి వదల్లేదు. “నా కొడుకు కోసం ఒస్తె ఒస్తవు, రాకుంటె లేదు. నా తానికి మాత్రం రా బిడ్డా” అంది.

పుస్తకం కూడా తీసుకెళ్ళిపోయింది. మా ఆదివారాలు రెండు వారాలు ఊరికే గడిచాయి.

కార్తీక అమావాస్య మర్నాడు రాత్రి తొమ్మిదికి ఫోన్ వచ్చింది. తల్లితో కారెంపూడి వెళ్ళిందట. మాట్లాడకుండా ఫోన్ పైకెత్తి పట్టుకుంది. జనం గోల, డప్పులు, మధ్యలో ఒక ముసలి గొంతు పాడుతోంది. మాటలు సరిగ్గా అందలేదు. అయిదు నిమిషాలు అలాగే విన్నాను. పక్కన వాళ్ళత్తగారు గోడమీదనుంచి తొంగిచూస్తే స్పీకర్ పెట్టి ఆవిడకీ వినిపించాను.

“పేరిందేవి వచ్చిందా?” అని గట్టిగా అడిగాను.

“ఇంకా లేదు పిన్నిగారూ,” అంది. “అలరాజు ఇంకా దారిలోనే ఉన్నాడు.”